ఇంట్లోనే కారుకు ట్రైలర్ హిచ్ బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రైలర్ తగిలించడానికి కారు వెనక బిగించే హిచ్ అనగానే చాలామందికి వెల్డింగ్ నిప్పురవ్వలు గుర్తొస్తాయి. మీ మోడల్ కోసమే తయారైన హిచ్ కొంటే వెల్డింగ్‌తో పనే లేదు, అంతా బోల్టుల పని. నాలుగు నుంచి ఎనిమిది బోల్టులు, ఒక వైరింగ్ కిట్, ఓ పూట ఓపిక చాలు. ఈ పనిలో బలం కంటే ఓపికే ఎక్కువ ఖర్చవుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు వచ్చే అనుమానాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

నేను మెకానిక్‌ని కాను. నావల్ల అవుతుందా?

స్టెప్నీ మార్చడం, ఇంజిన్ ఆయిల్ మార్చడం లాంటివి మీరే చేసుకుంటూ ఉంటే ఇదీ అవుతుంది. అయితే అన్ని కార్లకూ ఒకే కష్టం ఉండదు. పికప్‌లు, చాసిస్ విడిగా ఉండే పెద్ద వాహనాల్లో కంపెనీ ముందే వేసిన రంధ్రాలు ఉంటాయి, రెండు గంటల్లో ముగించవచ్చు. చిన్న కార్లలో వెనక బంపర్ విప్పాలి, సైలెన్సర్ దించాలి, కొన్నిసార్లు బంపర్ కింది అంచు కోయాలి. అలాంటిదైతే రోజంతా ఖాళీగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. కొనేముందు ఆ హిచ్‌తో వచ్చే సూచనల పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో మొత్తం చదవండి. అందులో “డ్రిల్ చేయాలి” అన్న మాట ఉందో లేదో చూస్తే పని ఎంతదో సగం అర్థమైపోతుంది.

హిచ్, రిసీవర్, బాల్ మౌంట్, కప్లర్. ఇవన్నీ ఒకటేనా?

కాదు. కారు అడుగున శాశ్వతంగా బిగించే ఇనుప చట్రం హిచ్. దాని మధ్యలో వెనక్కి తెరుచుకున్న చదరపు గొట్టం రిసీవర్. ఆ గొట్టంలోకి దూర్చి, అడ్డంగా పిన్ను పెట్టే కడ్డీ బాల్ మౌంట్. దాని కొసన ఉండే గుండు బాల్. ట్రైలర్ ముందు భాగంలో ఆ గుండు మీద కూర్చునే టోపీలాంటిది కప్లర్. యూరప్ తరహా హిచ్‌లలో చదరపు రిసీవర్ ఉండదు. కొంగ మెడలా వంగిన కడ్డీ, దాని కొసన బాల్ ఉంటాయి. కొన్నింటిలో ఆ మెడ ఊడదీసి పెట్టుకోవచ్చు.

హిచ్ మీద 1,500 కిలోలు అని రాసి ఉంది. అంటే నా కారు అంత లాగుతుందనేనా?

అందరూ పొరబడేది ఇక్కడే. హిచ్ మీది అంకె ఆ ఇనుము తట్టుకునే బరువు. మీ ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, సస్పెన్షన్ ఎంత తట్టుకుంటాయో దానికేం తెలుసు? కారు, హిచ్, బాల్ మౌంట్, బాల్, ట్రైలర్ ఇవన్నీ ఒక గొలుసు. వీటిలో ఏది తక్కువ అంకె చెబితే అదే మీ పరిమితి. కారు 750 కిలోలు లాగగలదని దాని మాన్యువల్‌లో ఉంటే, 3,500 కిలోల హిచ్ బిగించినా మీరు లాగాల్సింది 750 కిలోలే.

ఇక మాన్యువల్‌లో “ఈ వాహనం ట్రైలర్ లాగడానికి ఉద్దేశించినది కాదు” అని ఉంటే, ఆ కారుకు హిచ్ దొరికినా ట్రైలర్ తగిలించకండి. ఒకే మోడల్‌లో కూడా ఇంజిన్‌ను బట్టి, గేర్లు మాన్యువలా ఆటోమేటిక్కా అన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. పక్కింటివాళ్ల కారు అంకె మీకు పనికిరాదు.

క్లాస్ 1, క్లాస్ 2 అంటారే, అవేమిటి?

ఉత్తర అమెరికాలో హిచ్‌లను ఇలా వర్గాలుగా చెబుతారు. క్లాస్ 1 అంటే సుమారు 900 కిలోల ట్రైలర్ దాకా, క్లాస్ 2 అంటే సుమారు 1,580 కిలోల దాకా. ఈ రెండింటికీ రిసీవర్ గొట్టం సాధారణంగా 1¼ అంగుళాలు. క్లాస్ 3 నుంచి గొట్టం 2 అంగుళాలు అవుతుంది, బరువు దాదాపు 3,600 కిలోల దాకా వెళ్తుంది. క్లాస్ 4, 5 పెద్ద ట్రక్కులకు. యూరప్‌లో ఈ వర్గాలు వాడరు. హిచ్ మీది లోహపు పలకపై ఆమోదం నంబరు, ‘డి’ విలువ (కారుకూ ట్రైలర్‌కూ మధ్య పడే లాగుడు బలాన్ని హిచ్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె), బాల్ మీద నిలువుగా పడగల గరిష్ఠ బరువు ముద్రించి ఉంటాయి.

టంగ్ వెయిట్ అంటే ఏమిటి? దాన్ని ఇంట్లో తూచవచ్చా?

ట్రైలర్ ముందు కొస బాల్ మీద కిందికి నొక్కే బరువే టంగ్ వెయిట్. ఇది మరీ తక్కువైతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. అమెరికా పద్ధతిలో మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. యూరప్ కార్లకు అంతకంటే తక్కువ చెబుతారు, బాల్ మీద 75 కిలోలు, 100 కిలోలు లాంటి పరిమితులు మామూలు. మీ కారు మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క.

తూచడానికి బాత్రూమ్ కాటా చాలు. చిన్న ట్రైలర్ అయితే కాటా మీద చెక్క దిమ్మె పెట్టి, కప్లర్‌ను నేరుగా దాని మీద దించండి. కారుకు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ఉంచాలి. బరువు కాటా పరిమితి దాటేలా ఉంటే ఒక గట్టి పలక తీసుకోండి. ఒక కొస కింద గొట్టం ముక్క, రెండో కొస కింద కాటా పెట్టండి. గొట్టానికీ కాటాకూ మధ్య 3 అడుగులు ఉంటే, గొట్టం నుంచి 1 అడుగు దూరంలో ట్రైలర్ మూతిని ఆనించండి. కాటా 30 చూపిస్తే అసలు టంగ్ వెయిట్ 90 కిలోలు. పలక బరువు ముందే చూసి తీసేయడం మరిచిపోవద్దు. తూచేటప్పుడు ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టండి.

ఇంకో మాట. టంగ్ వెయిట్ కారు మోసే బరువులోనే కలుస్తుంది. ఐదుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను పెడితే, హిచ్ మీద పెట్టడానికి మిగిలేది కొంచెమే.

నాకు ట్రైలర్ లేదు, సైకిళ్ల ర్యాక్ కోసమే. అప్పుడూ ఇంత లెక్క అవసరమా?

బరువు లాగే లెక్క అక్కర్లేదు కానీ టంగ్ వెయిట్ లెక్క కావాలి. ర్యాక్ బరువు, సైకిళ్ల బరువు కలిపి ఆ పరిమితి లోపల ఉండాలి. పైగా ఈ బరువు బాల్ ఉండే చోటుకంటే ఇంకా వెనక్కి ఉంటుంది, గుంటలో పడ్డప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతుంది. ఎలక్ట్రిక్ సైకిళ్లు ఒక్కొక్కటి 25 కిలోలు ఉండటం మామూలే. అలాంటివి రెండు పెట్టాలంటే వీలైతే 2 అంగుళాల రిసీవర్ చూసుకోండి. రిసీవర్‌ను పొడిగించే గొట్టాలు వాడితే సామర్థ్యం సగానికి పడిపోతుందని చాలా తయారీదారులే చెబుతారు.

ఏయే పనిముట్లు కావాలి?

సాకెట్ సెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్లు, టార్క్ రెంచ్ (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), హైడ్రాలిక్ జాకీ, రెండు జాక్ స్టాండులు, చక్రాలకు అడ్డు దిమ్మెలు, తుప్పు వదిలించే స్ప్రే, గుండ్రటి వైరు బ్రష్, ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసే పట్టీ, తలకు కట్టుకునే లైటు, రక్షణ కళ్లద్దాలు. కళ్లద్దాలు తప్పనిసరి. వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ తుప్పు గీకేటప్పుడు అదంతా ఎక్కడ పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి. అది లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టవద్దు.

కారును పైకి లేపాలా?

కొన్ని పెద్ద వాహనాలకు అక్కర్లేదు, నేల మీద పడుకుంటే చాలు. లేపాల్సి వస్తే గట్టి, చదునైన నేల మీదే లేపండి. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు, హ్యాండ్‌బ్రేక్, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో గేరు. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు. కారు బరువంతా స్టాండుల మీద కూర్చున్నాక ఒకసారి గట్టిగా తోసి చూడండి. కదలకపోతేనే కిందికి దూరండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండులకు బదులు కావు. అవి ముందుగా చెప్పి పగలవు.

కారు అడుగున రంధ్రాలే కనిపించడం లేదు. డ్రిల్ చేయాలా?

తొందరపడకండి. చాలా కార్లలో రంధ్రాలు ఉంటాయి, కానీ రబ్బరు బిరడా, టేపు, లేదా అడుగున పూసే నల్లటి కోటింగ్ కింద దాగి ఉంటాయి. సూచనల పుస్తకంలోని బొమ్మ పక్కన పెట్టుకుని, చాసిస్ కమ్మీ వెంట వేలితో తడుముతూ వెళ్లండి. వెనక బంపర్ లోపలి ఇనుప దూలాన్ని పట్టి ఉంచే బోల్టుల రంధ్రాలనే హిచ్ వాడుకోవడం కూడా చాలా మామూలు. అలాంటి వాటిలో దూలం తీసి, హిచ్ పలకను మధ్యలో పెట్టి, మళ్లీ అవే చోట్ల బిగిస్తారు. కొన్నింటిలో హిచ్ ఆ దూలం స్థానంలోకే వస్తుంది.

పుస్తకం డ్రిల్ చేయమంటేనే చేయండి, చెప్పిన కొలతకే చేయండి. ముందు చిన్న బిట్‌తో, తర్వాత పెద్దదానితో. అవతలి వైపు పెట్రోలు గొట్టమో బ్రేకు గొట్టమో వైరో ఉందేమో చూడకుండా బిట్ ఆనించవద్దు. కొత్తగా పడిన రంధ్రం అంచుకు తుప్పు పట్టని ప్రైమర్ పూయండి.

సైలెన్సర్ దించడమంటే విప్పేయడమా?

కాదు. వెనక భాగం రబ్బరు చెవులకు వేలాడుతూ ఉంటుంది. ఆ రబ్బర్లలోంచి ఇనుప కొక్కేలను లాగేస్తే సైలెన్సర్ కొంచెం కిందికి దిగి, హిచ్ దూరడానికి చోటు ఇస్తుంది. రబ్బరుకు సబ్బు నీళ్లు కొడితే జారుతుంది. నూనె, గ్రీజు కొట్టకండి, రబ్బరు పాడవుతుంది. రెండు జాగ్రత్తలు: కారు పూర్తిగా చల్లారాలి, దించిన సైలెన్సర్‌ను గాలికి వదిలేయకూడదు. కింద స్టాండో, పైనుంచి తాడో పెట్టి ఆపండి. లేకపోతే ఆ బరువంతా ముందున్న వంగే జాయింటు మీద పడి చీలుతుంది.

చాసిస్ లోపలికి బోల్టు ఎలా పంపాలి? చెయ్యి దూరడం లేదు.

చెయ్యి దూరదు. దానికోసమే కిట్‌లో ఒక వింత తీగ ఉంటుంది, ఒక కొస స్ప్రింగులా చుట్టి ఉంటుంది. చాలామంది ఇదేదో ప్యాకింగ్ చెత్త అనుకుని పారేస్తారు. దాచుకోండి, అదే మీ ప్రాణం.

చాసిస్ కమ్మీ గొట్టంలా ఉంటుంది. బోల్టు బిగించాల్సిన చిన్న రంధ్రం ఒకటి, కాస్త దూరంలో లోపలికి వెళ్లడానికి పెద్ద రంధ్రం ఒకటి ఉంటాయి. స్ప్రింగు చుట్ట ఉన్న కొసను చిన్న రంధ్రంలోంచి లోపలికి తోసి, పెద్ద రంధ్రంలోంచి బయటికి తీయండి. ఇప్పుడు చదరపు ఇనుప పలకను ఆ తీగకు ఎక్కించండి. తర్వాత బోల్టు మరలను స్ప్రింగు చుట్టలోకి నాలుగైదు చుట్లు తిప్పండి. ముందు పలక, వెనక బోల్టు, రెండూ పెద్ద రంధ్రంలోకి దూర్చి, చిన్న రంధ్రం వైపు నుంచి తీగను మెల్లగా లాగండి. లోపల పలక గరగరమంటూ జరుగుతుంది, తర్వాత టక్కుమని బోల్టు కొస బయటికి తొంగిచూస్తుంది. బోల్టు మెడ చదరంగా ఉంటే పలకలోని చదరపు రంధ్రంలో కూర్చునేదాకా అటూ ఇటూ తిప్పండి.

అప్పుడే తీగ విప్పకండి. హిచ్ పైకి లేపేటప్పుడు తీగను హిచ్ రంధ్రంలోంచి కూడా తీసుకుని, హిచ్ స్థానంలోకి వచ్చాక విప్పి నట్టు పెట్టండి. నేను మొదటిసారి తొందరపడి ముందే విప్పాను. హిచ్ అంచు తగిలి బోల్టు లోపలికి పోయింది. అయస్కాంతంతో గంటసేపు వెతికాను, దొరకలేదు. ఇంకో బోల్టు కొని పని పూర్తి చేశాను. ఆ పాతది ఇప్పటికీ లోపలే ఉంది, స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా పలకరిస్తుంది.

కారులోనే నట్లు వెల్డ్ చేసి ఉన్నాయి, కానీ బోల్టు ఎక్కడం లేదు. ఏం చేయాలి?

కొత్త కారులో కూడా ఇది జరుగుతుంది, ఎందుకంటే మరల్లో పెయింటు, అడుగు కోటింగ్ పేరుకుని ఉంటాయి. పాతదైతే తుప్పు. ముందు రోజు సాయంత్రమే స్ప్రే కొట్టి వదిలేయండి. మర్నాడు గుండ్రటి వైరు బ్రష్ పెట్టి తిప్పి, మళ్లీ స్ప్రే కొట్టి శుభ్రం చేయండి. తర్వాత హిచ్ లేకుండానే బోల్టును వేళ్లతో తిప్పి చూడండి. మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే రాచెట్ అందుకోకండి. మర అడ్డంగా కోసుకుపోతే ఆ నట్టు కమ్మీ లోపల ఉంటుంది, మార్చడం పెద్ద తలనొప్పి.

బ్రష్‌తో లొంగకపోతే మర తీసే ట్యాప్ వాడాలి. ఇక్కడ బోల్టు మందం ఒక్కటే చూస్తే సరిపోదు. 12 మిల్లీమీటర్ల బోల్టుల్లోనే మరల మధ్య దూరం 1.25, 1.5, 1.75 మిల్లీమీటర్లు అని మూడు రకాలు ఉంటాయి. కిట్‌లోని బోల్టు ఏదో చూసి సరిగ్గా అదే ట్యాప్ తెచ్చుకోండి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ వెళ్లండి. తెలిసిన విషయాల్లా అనిపిస్తాయి కానీ, మోకాలి లోతు విసుగులో ఉన్నప్పుడు ఇవే మరిచిపోతాం.

హిచ్ బరువుగా ఉంది. ఒక్కడినే ఎత్తగలనా?

చిన్న కారు హిచ్ 15 కిలోలు ఉండొచ్చు, పెద్దది 25 దాటుతుంది. బరువు సమస్య కాదు, ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రెండో చేత్తో బోల్టు వెతకడం సమస్య. ఇంకొకరు ఉంటే హాయి. లేకపోతే జాకీ తల మీద చెక్క ముక్క పెట్టి, దాని మీద హిచ్‌ను తూకంగా కూర్చోబెట్టి లేపండి. బెల్టు తాడుతో ఒక వైపు చాసిస్‌కు కట్టి, రెండో వైపు ఎత్తడం ఇంకో దారి. ఛాతీ మీద పెట్టుకుని లేపుదామని మాత్రం అనుకోకండి.

బోల్టులు ఎంత గట్టిగా బిగించాలి?

“ఇంక తిరగనంత” అన్నది కొలత కాదు. సూచనల పుస్తకంలో ఒక్కో బోల్టుకు టార్క్ అంకె ఉంటుంది. 10.9 గ్రేడు (బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఉన్న 12 మిల్లీమీటర్ల బోల్టుకు 100 న్యూటన్ మీటర్లు దాటి ఉండటం మామూలు. 10 మిల్లీమీటర్లదానికి చాలా తక్కువ. మీ కిట్‌లో ఏముంటే అదే పాటించండి.

పద్ధతి మాత్రం అన్నింటికీ ఒకటే. ముందు అన్ని బోల్టులూ వేళ్లతో ఎక్కించండి. ఒక్కటి కూడా బిగించకుండా హిచ్‌ను అటూ ఇటూ జరిపి మధ్యకు తెచ్చుకోండి. తర్వాత అన్నీ కొద్దిగా బిగించి, చివర్లో టార్క్ రెంచ్‌తో ఒకటి ఎడమ, ఒకటి కుడి చొప్పున పూర్తి చేయండి. ఒక వైపంతా ముందే బిగిస్తే రెండో వైపు రంధ్రాలు కలవవు. అప్పుడు మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇంపాక్ట్ గన్‌తో ముగించవద్దు. విప్పడానికి బాగుంటుంది, బిగించడానికి దానికి కొలత తెలియదు. మరలకు నూనె పూస్తే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది కాబట్టి, పుస్తకం చెప్పకపోతే బోల్టులను పొడిగానే వాడండి. నట్టు లోపలికి కొట్టిన స్ప్రేను కూడా తుడిచేయాలి. కిట్‌లో పళ్లున్న వాషర్లు ఉంటే పళ్లు ఏ వైపుకు రావాలో బొమ్మలో చూపిస్తారు, అది చూసే పెట్టండి. కిట్ బోల్టు పోతే హార్డ్‌వేర్ షాపులో కనిపించిన మామూలు బోల్టు పెట్టకూడదు. తల మీద ఉన్న గ్రేడు అంకె కలవాలి.

బంపర్ కోయమంటున్నారు. భయంగా ఉంది.

భయం న్యాయమే. అయితే చాలా వాటిలో కోసేది అడుగున కనిపించని ప్లాస్టిక్ భాగం. బంపర్‌కు లోపలా బయటా పెయింటు టేపు అంటించి, దాని మీద గీత గీయండి. చెప్పిన కొలత కంటే కొంచెం తక్కువే కోసి, పెట్టి చూసి, అవసరమైతే ఇంకాస్త కోయండి. ఎక్కువ కోసినది అతకదు. బంపర్ పూర్తిగా విప్పాల్సి వస్తే పార్కింగ్ సెన్సార్ల వైరు, నంబర్ ప్లేటు లైటు వైరు ముందే తీయండి. విప్పే ముందు ప్రతి వైపూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో రాత్రి ఎనిమిదింటికి గుర్తుండదు.

వైరింగ్ కూడా నేనే చేసుకోవచ్చా?

మీ మోడల్‌కు తయారైన కిట్ అయితే చేసుకోవచ్చు. డిక్కీ పక్క లోపలి పలక తీస్తే వెనక లైటు ప్లగ్ కనిపిస్తుంది. దాన్ని ఊడదీసి, మధ్యలో ‘టీ’ ఆకారపు కనెక్టర్ దూర్చి, మళ్లీ కలిపేయడమే. కొన్ని పాత కార్లకు వైరు గీరి అతకాలి. ఈ కాలపు కార్లలో అది చేయకండి. లైట్లను కంప్యూటరు గమనిస్తూ ఉంటుంది. అదనపు బల్బు కరెంటు లాగితే తప్పు చూపిస్తుంది, లేదా ఆ లైన్‌ను ఆపేస్తుంది. వాటికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకుని, కారు లైటు వైరు నుంచి సంకేతం మాత్రమే తీసుకునే మాడ్యూల్ కావాలి. కొన్ని బ్రాండ్ల కార్లలో హిచ్ ఉందని కారు కంప్యూటరుకు ప్రోగ్రామ్ కూడా చేయాలి. అది సర్వీస్ సెంటరు పని.

బ్యాటరీ నెగెటివ్ తీసిపెట్టి మొదలుపెట్టండి. బ్యాటరీ నుంచి తెచ్చే వైరుకు, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజ్ పెట్టండి. వైరు సైలెన్సర్ దగ్గరగా, పదునైన ఇనుప అంచు మీదుగా పోకూడదు.

ప్లగ్‌లో ఏ రంగు దేనికి?

ఉత్తర అమెరికాలో వాడే నాలుగు పిన్నుల ప్లగ్‌లో తెలుపు ఎర్త్, గోధుమ రంగు పార్కింగ్ లైట్లు, పసుపు ఎడమ ఇండికేటరూ బ్రేకూ, ఆకుపచ్చ కుడి ఇండికేటరూ బ్రేకూ. అక్కడ బ్రేకు, ఇండికేటరు ఒకే వైరులో వస్తాయి. మీ కారులో అవి వేర్వేరు లైట్లయితే రెండింటినీ కలిపే కన్వర్టర్ కావాలి. యూరప్‌లో 7 పిన్నులు, 13 పిన్నుల ప్లగ్‌లు వాడతారు, వాటిలో బ్రేకుకు ప్రత్యేక వైరు ఉంటుంది. 13 పిన్నుల దానిలో రివర్స్ లైటుకూ, ట్రైలర్ లోపలి కరెంటుకూ దారి ఉంటుంది. కారు ప్లగ్ ఒకటి, ట్రైలర్ ప్లగ్ ఇంకొకటి అయితే అడాప్టర్ దొరుకుతుంది.

ఎడమ ఇండికేటరు వేస్తే ట్రైలర్ లైట్లన్నీ మసకగా మిణుకుతున్నాయి. ఎందుకు?

పదికి తొమ్మిదిసార్లు ఎర్త్ సరిగా తగలకపోవడమే. కరెంటు వెళ్లింది గానీ తిరిగి రావడానికి దారి లేక ఇతర బల్బుల్లోంచి తిరుగుతోంది. తెల్ల వైరు కలిపిన చోట పెయింటు పూర్తిగా గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, గట్టిగా బిగించండి. తర్వాత కాస్త గ్రీజు పూస్తే తుప్పు పట్టదు. అప్పటికీ తగ్గకపోతే ట్రైలర్ వైపు ఎర్త్ కూడా చూడండి. దాని కప్లర్‌నే ఎర్త్‌గా నమ్ముకున్న పాత ట్రైలర్లు చాలా ఉన్నాయి.

ట్రైలర్‌కు విడిగా బ్రేకులు అవసరమా?

బరువును బట్టి, మీరుండే దేశం నిబంధనలను బట్టి. యూరప్‌లో బ్రేకులు లేని ట్రైలర్‌కు హద్దు 750 కిలోలు. కారు మాన్యువల్‌లో బ్రేకులున్న ట్రైలర్‌కు ఒకటి, లేనిదానికి ఒకటి అని రెండు అంకెలు ఉండటం గమనించండి. రెండోది చాలా తక్కువగా ఉంటుంది. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్‌కు కారులో బ్రేకు కంట్రోలర్ అదనంగా పెట్టాలి, దానికి నాలుగు పిన్నుల ప్లగ్ చాలదు.

ఏ సైజు బాల్ కొనాలి?

మీకు నచ్చినది కాదు, ట్రైలర్ కప్లర్ మీద ముద్రించినది. అమెరికాలో 1⅞, 2, 2⁵⁄₁₆ అంగుళాలు మామూలు. యూరప్‌లో, ఇంకా చాలాచోట్ల 50 మిల్లీమీటర్లు. 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. దగ్గరగా ఉన్నాయి కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడకండి. చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ కూర్చున్నట్టే కనిపిస్తుంది, గుంటలో పడ్డప్పుడు లేచిపోతుంది. తగిలించి తాళం వేశాక, ట్రైలర్ సొంత జాకీతో మూతిని కొంచెం పైకి లేపి చూడండి. కారు వెనక కూడా లేస్తే సరిగ్గా పట్టినట్టు.

ఎత్తు కూడా చూడాలి. ట్రైలర్ నేలకు సమాంతరంగా ఉండాలి. అలా లేకపోతే కిందికి లేదా పైకి వంపున్న బాల్ మౌంట్ కొనండి.

గొలుసులు ఎలా తగిలించాలి?

ట్రైలర్ మూతికి ఉండే రెండు భద్రతా గొలుసులూ కప్లర్ కింద అడ్డంగా దాటేలా, ఎడమది కుడికి, కుడిది ఎడమకు. కప్లర్ ఊడిపోతే ట్రైలర్ మూతి రోడ్డు మీద కాకుండా ఆ గొలుసుల ఊయల మీద పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి, నేలకు రాసుకోకూడదు. హిచ్‌కు ఉన్న చెవులకే తగిలించండి, బాల్ మెడకో బంపర్‌కో కాదు.

మొదటిసారి లాగేటప్పుడు ఏం చూసుకోవాలి?

సామానులో సుమారు 60 శాతం బరువు ట్రైలర్ ఇరుసుకు ముందు వైపు ఉండేలా సర్దండి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లి, బ్రేకు ఎంత దూరంలో పడుతుందో, మలుపులో లోపలి చక్రం ఎక్కడ తిరుగుతుందో చూడండి. ట్రైలర్ తోక ఊపితే యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. కారు బ్రేకు గట్టిగా తొక్కడం, ఊపుకు ఎదురు తిప్పడం రెండూ పరిస్థితిని చెడగొడతాయి. ఆగాక టంగ్ వెయిట్ మళ్లీ చూడండి, దాదాపు ఎప్పుడూ దోషి అదే.

ఓ 80 కిలోమీటర్లు తిరిగాక హిచ్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. పెయింటు పొరలు నలిగి, కొత్త కీళ్లు కుదురుకుని కొంచెం వదులవడం మామూలే. ఆ తర్వాత ఏడాదికి ఒకసారి, పెద్ద ప్రయాణం ముందు ఒకసారి.

రివర్స్ పెడితే పార్కింగ్ సెన్సార్ ఆగకుండా మోగుతోంది.

అది ట్రైలర్‌ను గోడ అనుకుంటోంది. కారు కంపెనీ వైరింగ్ మాడ్యూల్ అయితే ప్లగ్ పెట్టగానే సెన్సార్లు తమంతట తాము ఆగిపోతాయి. లేకపోతే బటన్‌తో ఆపుకోవాలి.

ఎలక్ట్రిక్ కారుకు బిగించవచ్చా?

కొన్నింటికి లాగే సామర్థ్యం బాగానే ఉంటుంది, కొన్నింటికి సైకిల్ ర్యాక్ మాత్రమే అనుమతిస్తారు, కొన్నింటికి అసలు లేదు. మాన్యువల్ చూడాల్సిందే. నారింజ రంగు వైర్లు హైవోల్టేజ్ వైర్లు, వాటి దగ్గర డ్రిల్ కాదు కదా, చెయ్యి కూడా పెట్టకండి. ట్రైలర్ లాగితే రేంజ్ బాగా తగ్గుతుంది, ముఖ్యంగా ఎత్తైన ట్రైలర్‌కు గాలి ఎదురు తగిలినప్పుడు.

బీమా, చట్టం సంగతి?

హిచ్ బిగించే ముందే బీమా కంపెనీకి తెలియజేసి, వాళ్ల సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని దేశాల్లో ఆమోదం పొందిన హిచ్ మాత్రమే వాడాలి, కొన్నింటిలో బిగించాక తనిఖీ చేయించి బండి కాగితాల్లో నమోదు చేయించాలి. హిచ్ మీది పలక ఊడిపోకుండా చూసుకోండి, తనిఖీలో మొదట అడిగేది అదే. సొంతంగా ఇనుము కోసి వెల్డ్ చేసిన హిచ్ ఎంత గట్టిగా కనిపించినా వద్దు. దాని పరిమితి ఎంతో చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.

ఎప్పుడు పని ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి?

హిచ్ ఆనే చోట చాసిస్ తుప్పుతో పొరలుగా ఊడుతుంటే, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగుతుంటే. వెల్డ్ నట్టు లోపల ఊడిపోయి బోల్టుతో పాటు గిరగిరా తిరుగుతుంటే. వెనక గుద్దుకుని రిపేరైన కారులో రంధ్రాలు కలవకపోతే. సుత్తితో కొట్టి కలిపితే కలుస్తాయి, అలా కలపకండి. అది చాసిస్ వంకర పోయిందని చెబుతున్న మాట.

వాడనప్పుడు బాల్ మౌంట్ ఉంచేయవచ్చా?

తీసేయండి. ఉంచేస్తే తుప్పు పట్టి రిసీవర్‌లో ఇరుక్కుపోతుంది, దొంగకు తేలిక, కొన్నిచోట్ల నంబర్ ప్లేటును అడ్డుకుంటే జరిమానా. వెనక నుంచి ఎవరైనా తగిలితే దెబ్బంతా నేరుగా చాసిస్‌కు పోతుంది. రిసీవర్ నోటికి రబ్బరు మూత పెట్టి, పిన్నుకు కాస్త గ్రీజు రాసి డిక్కీలో పడేయండి. డిక్కీలోంచి సామాను తీసుకుంటూ చీకట్లో ఒకసారి ఆ గుండుకు మోకాలి కింద ఎముక తగిలిందంటే, రెండోసారి నేను చెప్పనక్కర్లేదు.